నలభై రోజుల బొటనవేలు

మా అమ్మకు బొటనవేలు లేదని మొదట కనిపెట్టింది ఒక మిషన్. వేలు ఉంది, గోరుతో సహా ఉంది. అయినా ఉదయగిరిలో ఒక సర్కారు ఆఫీసు బల్ల మీదున్న నల్లటి డబ్బా మాత్రం, అమ్మ వేలు పెట్టిన ప్రతిసారీ ఎర్ర లైటు వెలిగించి, దయచేసి వేలు పెట్టండి అని అడిగింది. అమ్మ ఇంకాస్త గట్టిగా నొక్కింది. అది ఇంకాస్త మర్యాదగా అడిగింది.

"పెట్టే ఉండాను కదయ్యా, ఇంకేం పెట్టేది?" అంది అమ్మ, మిషన్ వెనకున్న అబ్బాయితో.

ఆ అబ్బాయి మంచివాడు. కుడి బొటనవేలు, ఎడమ బొటనవేలు, రెండు చూపుడువేళ్ళు, అన్నీ గుడ్డతో తుడిచి పెట్టించాడు. వెనక వరసలో ఉన్నవాళ్ళు తలా ఒక వైద్యం చెప్పారు. ఒకరు తలకాయకు రుద్దమన్నారు, ఒకరు నిమ్మచెక్క అన్నారు. అమ్మ తలకు రుద్దుకుని మళ్ళీ పెట్టింది. ఆఖరికి ఆ అబ్బాయి ఆమె బొటనవేలిని వెలుతురులోకి తిప్పి చూసి, "గీతల్లేవమ్మా. గాజుగోలీ మాదిరి ఉండాది" అన్నాడు.

అమ్మ గర్వపడింది. గరిటె దిద్దేవాళ్ళకు అంతకంటే మంచి మాట ఇంకొకటి ఉండదు.

ఉదయగిరిలో చెక్క గరిటెలు చేస్తారు. కొండ నుంచి కలివి, బిక్కి కట్టె వస్తుంది. బాడిసతో చెక్కి, ఆకురాయితో రాకి, చివర ఉప్పుకాగితం పెట్టి నునుపు చేస్తారు, దాన్నే దిద్దడం అంటారు. మా అమ్మ యాభై ఏళ్ళుగా ఆ పనిలో ఉంది. గరిటె నునుపు తేలిందో లేదో ఆమె కంటితో చూడదు, బొటనవేలితో చూస్తుంది. ఈ మధ్య కళ్ళలో శుక్లాలు ముదిరి మనుషుల్నే గొంతుతో గుర్తుపట్టే స్థితికి వచ్చాక, గరిటెలకు బొటనవేలు తప్ప దిక్కు లేకుండా పోయింది. కన్ను చేయాల్సిన పని కూడా వేలే చేసింది. ఉప్పుకాగితం కట్టెనూ వేలినీ వేరుగా చూడదు కాబట్టి రెండూ సమానంగా నునుపు తేలాయి.

మేం ఆ ఆఫీసుకు పోయిందే ఆ శుక్లాల కోసం. నెల్లూరు కంటి ఆసుపత్రి బస్సు వచ్చి ముసలివాళ్ళను తీసుకుపోయి ఆపరేషన్ చేయించి దింపిపోతుంది. జాబితాలో పేరెక్కాలంటే ఈ మనిషి ఈ మనిషేనని వేలిముద్రతో తేలాలి. వేలు పడకపోతే కన్ను పెట్టొచ్చట, దానికి వేరే మిషన్ ఉందట. అమ్మను దాని ముందు కూర్చోబెడితే కళ్ళు సరిగా కనపడడం లేదు అని అది కూడా ఎర్ర లైటు వేసింది. కన్ను బాగు చేయించుకోవాలంటే వేలు కావాలి, వేలు లేకపోతే కన్ను చూపించాలి, ఆ కన్నే కదా బాగా లేనిది. ఈ మాటే నేను ఆ అబ్బాయికి మూడు రకాలుగా చెప్పాను. మూడింటికీ అతను తల ఊపాడు.

నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. "ఈ పీడంతా ఎందుకు, నేనే నెల్లూరులో డబ్బు కట్టి చేయిస్తాను" అన్నాను.

"నువ్వు చేయించేది వేరే సంగతి" అంది అమ్మ. "ఇప్పుడు ఆ డబ్బా నన్ను నేను కాదనింది. దాని ముందు తలొంచుకోని పోతానా? అది ఒప్పుకున్నాకే నా కన్ను కోసేది."

మా అమ్మ ఒకసారి రానంటే, ప్రభువే వచ్చి పిలిచినా ప్రార్థన చేసి పంపించేస్తుంది కానీ వెంట పోదు. డాక్టరేమో కుడికన్ను బాగా ముదిరిందని, ఇంకా ఆలస్యం చేస్తే కష్టమని చెప్పి ఉన్నాడు. తర్వాతి బస్సు నెలన్నరకు. దాని తర్వాతి బస్సు ఎప్పుడో ఎవరికీ తెలియదు. ఆ నెలన్నరలో నేను మా అమ్మకు బొటనవేలు మొలిపించాలి.

ఇక్కడ నా గురించి చెప్పాలి. నేను ఆత్మకూరులో జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతాను. చిన్నప్పుడు, బల్లి తోక తెగితే మళ్ళీ వస్తుందని తెలిసిన రోజు నుంచీ నాకీ పిచ్చి. ఏటా మూలకణాల గురించి రెండు పీరియడ్లు చెబుతాను, మూడు రంగుల చాక్‌పీసులు అరగదీస్తాను. చర్మం అడుగు పొరలో మూలకణాలుంటాయి. ఒక్కొక్కటి రెండవుతుంది. ఒకటి పుట్టినచోటే ఉండిపోతుంది, రెండోది పైకి బయల్దేరుతుంది. పైకి వచ్చేసరికి చచ్చి పొలుసై రాలిపోతుంది. పడుచువాళ్ళకు నెలలో పై చర్మం అంతా కొత్తదే, వయసు మీదపడితే ఇంకాస్త ఎక్కువ పడుతుంది. గీతల అచ్చు లోపల ఉంటుంది కాబట్టి పైన ఎంత అరిగినా మళ్ళీ అవే గీతలు లేస్తాయి. ముప్పై ఏళ్ళుగా పిల్లలకు చెబుతున్నాను, ఒక్కరికీ పనికొచ్చిన పాపాన పోలేదు. ఇన్నాళ్ళకు మా ఇంట్లోనే గిరాకీ వచ్చింది.

అమ్మను అరుగు మీద కూర్చోబెట్టి ఇదంతా చెప్పాను. ఆమె శ్రద్ధగా విని, "ఒకటి ఇంట్లోనే ఉంటాది, ఒకటి పైకి పోతాదా?" అంది.

"అవును."

"అంటే నీ తమ్ముడు ఇక్కడే ఉన్నాడు, నువ్వు ఆత్మకూరు పోయినావు. పొలుసై రాలిపోయేది నువ్వన్నమాట."

మా తమ్ముడి భార్య లోపల్నుంచి నవ్వింది. తమ్ముడు పొద్దున పోతే రాత్రికి గాని రాడు, అమ్మతో పగలంతా ఉండేది ఆ పిల్లే. కాబట్టి వేలి బాధ్యత ఆమెకే అప్పగించాను.

"ముసిలోళ్ళకు కూడా ఉంటాయా ఆ కణాలు?" అని అడిగింది అమ్మ.

"ఉంటాయి. వయసైతే బద్ధకిస్తాయి. పిలిస్తే ఒక పట్టాన పలకవు."

"నావి బద్ధకించవు. వాటికి నేనెప్పుడన్నా సెలవిచ్చినానా?"

అదే ఇబ్బంది అని చెప్పాను. అవి గీతలు కడుతూనే ఉన్నాయి, ఆమె రోజూ అరగదీస్తూనే ఉంది. నలభై రోజులు చేతులు ఊరికే ఉంచితే చాలు అన్నాను. కొండ మీద కట్టె కొట్టేవాళ్ళు మోడు ఉంచి కొడతారు, మళ్ళీ చిగురేస్తుందని. దాన్ని చూపించి చెప్పాను. అమ్మకు మోడు సంగతి బాగా అర్థమైంది. చేతులు ఊరికే ఉంచడమే అర్థం కాలేదు.

"ఊరికే అంటే?" అంది.

"ఏ పనీ చేయకుండా."

"అది ఎట్టా చేస్తారు?"

తెల్లారి నుంచి నలభై రోజుల లెక్క మొదలైంది. బొటనవేళ్ళకు కొబ్బరినూనె రాసి పాతచీర పీలికలు చుట్టాం. ఉప్పుకాగితం ముట్టకూడదు. అంట్లు తోమకూడదు, చింతపండు పిసకకూడదు, ఇసక తగలకూడదు, ముగ్గు సంగతి మాకెట్లాగూ లేదు. ఆదివారం చర్చిలో చప్పట్లు కొట్టేటప్పుడు కూడా బొటనవేళ్ళు పైకి పెట్టమన్నాను. అమ్మ పాటలంతసేపూ రెండు బొటనవేళ్ళూ నిలబెట్టి కొట్టింది. కారణం అడిగి తెలుసుకుని పాస్టరుగారు, "ప్రభువా, నీ దాసురాలి బొటనవేలిని జ్ఞాపకం చేసుకో" అని ప్రార్థించారు. ఆడవాళ్ళ వైపు నుంచి ఆమెన్ గట్టిగా వచ్చింది. మూలకణాలకు అంత పలుకుబడి మా కాలేజీలో ఏనాడూ లేదు.

నేను ప్రతి ఆదివారం ఆత్మకూరులో మొదటి బస్సెక్కి వచ్చేదాన్ని. సంచిలో కాలేజీ ల్యాబ్ భూతద్దం, స్టాంపు ప్యాడు. పీలికలు విప్పి, భూతద్దంలో చూసి, సిరా అద్ది, పాత క్యాలెండర్ కాగితం వెనక ముద్ర వేయించేదాన్ని. మొదటివారం ముద్ర కాకరకాయ గింజంత నల్లటి మచ్చ, అంతే. రెండోవారం మచ్చ అంచున నాలుగు గీతలు. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ముప్పై ఏళ్ళలో నేను బోర్డు మీద గీసిన బొమ్మ నిజంగా పనిచేయడం చూడడం అదే మొదలు. అమ్మకు చూపించబోతే, "నాకు నీ మొగమే కనపడదు, గీతలు కనపడతాయా" అంది.

ఆమె ఎడమచెయ్యి ఎప్పుడూ సగం మూసినట్టే ఉంటుంది, నడిమివేలు అరచేతిలోకి ముడుచుకుని. గరిటె కాడ పట్టుకుని పట్టుకుని అట్లా అయిందని ఇంట్లో అందరం అనుకునేవాళ్ళం. నాకు కావలసింది బొటనవేళ్ళే కాబట్టి మిగతా వాటిని నేనూ పట్టించుకోలేదు.

పని లేని మా అమ్మ ఇంటికి పెద్ద పనైపోయింది. అన్నం తినేటప్పుడు బొటనవేలు వాడకూడదు కదా అని స్పూను ఇచ్చాం. చెక్క స్పూనే. దాని అంచు పెదవికి తగిలి, ఎవరు దిద్దినారిది అని గంటసేపు ఇంటిల్లిపాదినీ నిలదీసింది. పక్కింట్లో ఎవరో ఉప్పుకాగితం రుద్దుతుంటే ఆ చప్పుడు వింటూ, "అది ఎదురుగీతకు పోతా ఉండాది, కట్టె పీచు లేస్తాది" అని గోడ ఇవతల నుంచే సలహాలిచ్చింది. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయని, ఉదయగిరి కొండ వైపు చెయ్యి చూపించి, పొద్దుకు పదిసార్లు అన్నదట. కొండ మాత్రం అక్కడే ఉంది. మరదలు ఫోన్ చేసి, "వదినా, నీ గీతలు త్వరగా రానీ, లేకపోతే మా ఇద్దరిలో ఒకరు బస్సెక్కాలి" అంది.

ఇరవై ఆరో రోజు మరదలు దొంగను పట్టుకుంది. అమ్మ చెప్పుల మీద కట్టెపొడి కనిపించింది. చేతులకు పీలికలు చుట్టినవి చుట్టినట్టే ఉన్నాయి. ఆరా తీస్తే తేలిందేమిటంటే, మధ్యాహ్నం అందరూ కునుకు తీసేటప్పుడు ఆమె వెనక వసారాలో కూర్చుని, గరిటెను ఒక కాలి కింద తొక్కిపెట్టి, ఇంకో కాలి బొటనవేలికీ పక్కవేలికీ మధ్య ఉప్పుకాగితం ఇరికించి దిద్దుతోంది. అప్పటికి పదకొండు గరిటెలయ్యాయి.

నేను ఫోన్లోనే కేకలేశాను. అమ్మ ఏం తడబడలేదు.

"కాలివేలి ముద్ర ఎవురడిగినారే?" అంది.

కాళ్ళకు అనుమతి ఇచ్చేశాను. ఆ గరిటెలు బాగానే ఉన్నాయని మరదలు తర్వాత ఒప్పుకుంది.

నలభయ్యో రోజుకు ముద్ర పుస్తకంలో బొమ్మలా వచ్చింది. మధ్యలో సుడి, చుట్టూ సాళ్ళు, అంచుల దాకా ఎక్కడా తెగని గీతలు. డెబ్భై నాలుగేళ్ళ మనిషి చర్మం అడుగున ఎవరో పడుచుపిల్ల కూర్చుని అల్లినట్టుంది. ఆ కాగితం మడిచి పర్సులో పెట్టుకున్నాను, స్టాఫ్‌రూములో అందరికీ చూపించాను కూడా. ఒకరిద్దరు చూడనట్టు నటించారు.

నలభై ఒకటో రోజు మధ్యాహ్నం ఆఫీసుకు పోయాం. మర్నాడు పొద్దున్నే బస్సు. సాయంత్రం అయిదుకు జాబితా మూసేస్తారు. నేను పెళ్ళికూతుర్ని తెచ్చినట్టు అమ్మను తెచ్చి, పీలికలు అక్కడే, అందరి ముందూ విప్పాను. అబ్బాయి వేలు చూసి నోరు తెరిచాడు. మిషన్ మీద పెట్టించాడు.

ఎర్ర లైటు.

తుడిచి మళ్ళీ పెట్టించాడు. మళ్ళీ ఎర్ర లైటు. అతను తెర మీద ఏదో చదివి, ఇబ్బందిగా నా వైపు చూశాడు.

"ముద్ర బ్రహ్మాండంగా ఉండాది మేడం. ఇంత మంచి ముద్ర ఈమధ్య కాలంలో నేను చూళ్ళేదు" అన్నాడు. "కానీ ఇది మీ అమ్మది కాదు."

నేనేమన్నానో ఇక్కడ రాయడం బాగుండదు. కాస్త చల్లబడ్డాక అతనే విడమరిచి చెప్పాడు. ఎన్నో ఏళ్ళ కిందట గుర్తింపు కార్డు తీసినరోజు అమ్మ గరిటెలు దిద్దుతూ దిద్దుతూ లేచి వచ్చి ఉంటుంది. ఆ రోజే ఆమె వేళ్ళు అరిగి ఉన్నాయి. లోపల దాచింది ఆ అరిగిన వేళ్ళనే. అప్పట్నుంచీ ఇంటి రేషన్ బియ్యానికి మరదలు వేలే పెడుతోంది, అమ్మ వేలి అవసరం ఎవరికీ పడలేదు. మొన్న వచ్చినప్పుడు అంతకంటే ఎక్కువ అరిగింది కాబట్టి పట్టలేదు. ఇప్పుడు అసలు అరగలేదు కాబట్టి పట్టడం లేదు.

"అంటే గీతలుంటే అమ్మ కాదు, లేకపోయినా అమ్మ కాదు" అన్నాను.

"కొంచెం అరిగుంటే అమ్మ అవుతాది మేడం" అన్నాడు అతను, చాలా నిజాయితీగా.

అమ్మ ముఖం వెలిగిపోయింది. "అప్పుడే చెప్పినానా? పని మానిపిచ్చి నన్ను ఎవురో ఒక మహాతల్లిని చేసి పెట్టినావు" అని, రొంటిన దోపుకున్న సంచి విప్పి ఉప్పుకాగితం ముక్క తీసింది. నలభై రోజులూ అది ఆమె నడుముకే ఉంది. ఆఫీసు నేల మీద చతికిలబడి, నేను నెలా పదిరోజులు పెంచిన బొటనవేలిని గరిటెను పట్టుకున్నట్టు పట్టుకుని దిద్దడం మొదలుపెట్టింది. వరసలోని జనం చుట్టూ మూగారు. నాలుగు రుద్దుళ్ళకోసారి లేచి మిషన్ మీద పెట్టడం, ఎర్ర లైటు, మళ్ళీ కూర్చోవడం. ఇంకొంచెం ఎడమపక్క రుద్దవ్వా అని ఒకాయన. చాల్లే ఎక్కువైపోతాది అని ఇంకొకామె. నా చిగురు నా కళ్ళ ముందే పొడై రాలుతుంటే, నేను గడియారం చూస్తూ నిలబడ్డాను. నాలుగున్నర అయింది.

అది కుదరలేదు. నలభై రోజుల్లో లేచిన గీతలు అరగంటలో పోతాయా. అమ్మ వేలు ఎర్రబడింది, నీళ్ళూరింది. నేను కాగితం లాక్కున్నాను.

"అన్ని వేళ్ళూ పెట్టి చూద్దాం మేడం, ఏదో ఒకటి పడకపోతాదా" అన్నాడు అబ్బాయి.

కుడిచేతి వేళ్ళు అయిదూ పెట్టింది. ఎర్ర లైటు. ఎడమ బొటనవేలు, చూపుడువేలు, ఉంగరపువేలు, చిటికెనవేలు. ఎర్ర లైటు. అబ్బాయి లెక్కపెట్టుకుని, "ఇంకోటి ఉండాలే" అన్నాడు.

"అది పనికిరాదులే నాయనా" అంది అమ్మ. చెయ్యి కొంగు కిందికి పోయింది.

"పెట్టమ్మా, ఏం పోయింది?" అన్నాను.

"వద్దులేమే. పోదాం పా."

నలభై రోజులు కాళ్ళతో గరిటెలు దిద్దైనా ఆ డబ్బాతో ఔననిపించుకోవాలని కూర్చున్న మనిషి, అయిదు నిమిషాలు మిగిలుండగా, ఒక వేలి కోసం ఇంటికి పోదాం అంటోంది. నాకు ఒళ్ళు మండింది. కొంగు తీసి, చెయ్యి పట్టుకుని, ఆ ముడుచుకున్న వేలిని నేనే విప్పాను.

వేలి కొసన కండ లేదు. ఒక పక్క అంతా నున్నటి తెల్లటి మచ్చ, గీతలన్నీ దాని అంచుకు వచ్చి ఆగిపోయాయి. అక్కడ అచ్చే పోయింది. లోతుగా తెగితే అంతే, మూలకణాలకు నిలబడే చోటుండదు, మచ్చ మిగులుతుంది. ఇది కూడా నేను పాఠంలో చెబుతాను, రెండో పీరియడ్ చివర్లో.

నాకు అప్పుడు జ్ఞాపకం వచ్చింది. ఏడేళ్ళ పిల్లను. తెగిన బల్లితోక దొరికింది, ఇంకా గిలగిల కొట్టుకుంటోంది. అమ్మకు చూపించాలని పరిగెత్తుకుంటూ పోయి ఆమె ఒళ్ళో వేశాను. ఆమె బాడిసతో గరిటె చెక్కుతోంది. అదిరిపడింది. తర్వాత చాలా నెత్తురు, నాయన కేకలు, నేను గాదె పక్కన దాక్కుని ఏడవడం. ఆ సాయంత్రం ఆమె చేతికి కట్టుతోనే నన్ను దగ్గరికి లాక్కుని, "ఏడవబాకమే. బల్లికి తోక వస్తాదంట కదా? నాకూ వేలు వచ్చేస్తాది" అంది. కొన్నాళ్ళకు కట్టు విప్పారు. వచ్చిందా అమ్మా అని అడిగాను. చెయ్యి వెనక్కి పెట్టుకుని, వచ్చేసింది అంది. నేను నమ్మాను. నమ్మి, మరిచిపోయి, బల్లుల గురించి చదువుకుని, ఉద్యోగం తెచ్చుకుని, ముప్పై ఏళ్ళు పాఠం చెప్పాను.

ఆ వేలు గరిటె పట్టలేదు, ఉప్పుకాగితం ముట్టలేదు. పనికి దూరంగా అరచేతిలో దాక్కుని ఉండిపోయింది. కాబట్టి ఏనాడూ అరగలేదు, కార్డు తీసిన రోజు ఎట్లా ఉందో అట్లాగే ఉంది. అబ్బాయి దాన్ని మెల్లగా తీసుకుని మిషన్ మీద పెట్టాడు. పచ్చ లైటు వెలిగింది. అమ్మ పేరు, ఊరు, పుట్టిన ఏడు తెర మీదికి వచ్చాయి. వరసలోని జనం హమ్మయ్య అన్నారు.

"ఇది మొదట్నే పెట్టుంటే ఈ నలభై రోజులు లేకపోవును కదవ్వా" అన్నాడు అబ్బాయి.

అమ్మ వేలు ముడుచుకుంటూ, "ఈ పిల్ల చూస్తాదని" అంది.

ఈ పిల్లకు యాభై రెండేళ్ళు. తల సగం నెరిసింది. ఆఫీసు మధ్యలో నిలబడి ఏడుస్తుంటే, ఎవరో కుర్చీ ఇచ్చారు.

ఆపరేషన్ బాగా జరిగింది. మూడోరోజు ఉదయగిరిలో, అరుగు మీద, నల్లద్దాలు తీసి అమ్మ మొదట నా ముఖం చూసింది. ఏందే ఇంత ముసిలిదానివైనావు అంది. తర్వాత కాలితో దిద్దిన గరిటెల్లో ఒకటి తీసుకుని చూసి, పక్కన పెట్టేసింది. చివర ఎడమచెయ్యి ఎత్తి, ముడుచుకున్న వేలిని తనే విప్పి, ఎండలోకి పెట్టి, అటూ ఇటూ తిప్పి చూసుకుంది. ఈసారి నా ముందే చూసుకుంది.

"ఇంకా రాలేదుమే" అంది.

నేను జువాలజీ లెక్చరర్ని. ఆ చేతిని నా ఒళ్ళోకి తీసుకున్నాను.

"వస్తాదిలేమ్మా" అన్నాను.